నలుదిక్కులా మంద్రం

హాల్లో ఒక సబ్‌వూఫర్ పెడితే పాట ఒక కుర్చీకి బాగుంటుంది. నాలుగు పద్ధతిగా పెడితే హాల్లో కూర్చున్న ఇంటిల్లిపాదికీ బాగుంటుంది. ఈ రెండు మాటల మధ్య ఎంతో పనితనం ఉంది. దాన్ని పరిచయం చేయాలనే ఈ ప్రయత్నం.

నాలుగు సబ్‌వూఫర్లు, అంటే మంద్రాన్ని మోగించే నాలుగు బాక్సులు, అనగానే మోత నాలుగింతలు అనుకుంటాం. పెళ్లి ఊరేగింపులో డీజే బండి మీద బాక్సులు పేర్చేది అందుకే కాబట్టి అలా అనిపించడం సహజం. ఇంట్లో లెక్క వేరు. ఇంట్లో ఒక బాక్సు చేసిన తప్పును రెండోది దిద్దుతుంది, ఆ రెండూ కలిసి మిగిల్చినదాన్ని తక్కిన రెండూ దిద్దుతాయి. చివరికి వినేవాళ్లకు బాక్సులు వినబడవు, పాటే వినబడుతుంది. సబ్‌వూఫర్ ఉన్నట్టే తెలియకపోవడం ఈ విద్యలో గొప్ప.

గది కూడా మోగుతుంది

విశాఖపట్నానికి దగ్గరలోని చోడవరం పరిసరాల్లో ఇప్పుడు లేస్తున్న ఇళ్లు చాలావరకు ఒకే తీరువి. ఇటుక గోడ, సిమెంటు పూత, కింద టైల్సో గ్రానైటో, పైన స్లాబు. అలాంటి ఇంట్లో హాలు పదహారు అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు అనుకుందాం. మన వేడికి గాలిలో ధ్వని సెకనుకు సుమారు 348 మీటర్లు ప్రయాణిస్తుంది. ఆ వేగాన్ని గది పొడవుకు రెట్టింపుతో భాగిస్తే దాదాపు 36 వస్తుంది. అంటే 36 హెర్ట్జ్ స్వరం ఈ గోడకూ ఆ గోడకూ మధ్య సరిగ్గా ఇమిడి, గోడల మధ్య అటూ ఇటూ కొట్టుకుంటూ నిలిచిపోతుంది. వెడల్పు లెక్కన చూస్తే ఇలా నిలిచేది 48 దగ్గర, ఎత్తు లెక్కన 57 దగ్గర. పొడవూ వెడల్పూ కలిసి 59 దగ్గర ఇంకొకటి, పొడవులోనే రెండో వరస 71 దగ్గర మరొకటి. భౌతికశాస్త్రం వీటిని స్థిర తరంగాలంటుంది. సౌండు పనివాళ్లు ‘రూమ్ మోడ్’లంటారు.

పాటలో ఈ అంకెలు ఎక్కడుంటాయి? బేస్ గిటార్ అడుగు తీగ 41 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది, అయిదు తీగల గిటారైతే 31 దాకా దిగుతుంది. అంటే పాటకు పునాది వేసే స్వరాలన్నీ గది తన సొంత రాగం తీసే చోటే ఉన్నాయి. వాటిలో కొన్నిటిని గది ఎత్తి చూపుతుంది, కొన్నిటిని మింగేస్తుంది.

పొడవు లెక్కన నిలిచే ఆ 36 హెర్ట్జ్ తరంగాన్నే చూడండి. అది రెండు చివరి గోడల దగ్గరా బలంగా ఉంటుంది, గది నడిమధ్యన దాదాపు శూన్యం. వెనక గోడకు ఆనించిన సోఫాలో కూర్చున్న తాతయ్యకు ఆ స్వరం చెవులు దిమ్మెక్కేలా వినబడుతుంది. హాలు మధ్యలో కుర్చీ వేసుకున్న మనవడికి అదే స్వరం అయిపు లేదు. ఇద్దరూ వింటున్నది ఒకే పాట, ఒకే క్షణం.

పాత పెంకుటింట్లో ఈ బాధ ఇంత ఉండేది కాదు. కర్ర దూలాల మీద పెంకు కప్పు మంద్ర ధ్వనిని చాలావరకు బయటికి వదిలేస్తుంది. అమెరికాలో చెక్క చట్రం మీద జిప్సమ్ బోర్డు కొట్టిన గోడలూ కొంత పీల్చుకుంటాయి, కొంత వదిలేస్తాయి. మన ఇటుక గోడ, స్లాబు మాత్రం వచ్చినదాన్ని వచ్చినట్టే వెనక్కి కొడతాయి. అందుకని మన హాళ్లలో ఈ మోతలు పదునుగా లేచి, ఆలస్యంగా అణుగుతాయి. తెరలు కట్టి, గోడకు ఫోమ్ అంటించి వీటిని ఆపలేం. 36 హెర్ట్జ్ తరంగం పొడవు 32 అడుగుల దాకా ఉంటుంది, రెండంగుళాల ఫోమ్ దాన్ని తాకను కూడా తాకదు.

విశాఖలో పెరిగిన కుర్రవాడి పాఠం

మోతల్ని మచ్చిక చేసుకునే విద్య మనకు కొత్తది కాదు. చోడవరానికి సుమారు యాభై కిలోమీటర్ల దూరంలో, విశాఖపట్నంలో పెరిగిన చంద్రశేఖర వెంకట రామన్ దానికి శాస్త్రం రాశారు. తండ్రికి ఏవీఎన్ కాలేజీలో ఉద్యోగం రావడంతో 1892లో ఆ కుటుంబం విశాఖకు వచ్చింది. మెట్రిక్యులేషన్, ఆ పైన ఎఫ్.ఏ. అక్కడే పూర్తి చేసుకుని రామన్ మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీకి వెళ్లారు. ఆయనకు నోబెల్ తెచ్చింది కాంతి. దానికంటే ముందూ తర్వాతా కూడా ఆయన మనసు పెట్టినవాటిలో నాదం ఒకటి. మృదంగం, తబలాల మీద శివకాళీ కుమార్‌తో కలిసి 1920లో ‘నేచర్’ పత్రికలో రాశారు, 1934లో మరింత విపులంగా రాశారు.

మామూలు గుండ్రటి తోలును బిగించి కొడితే వచ్చే ఉపస్వరాలు ఒకదానికొకటి పొసగవు. మూల స్వరానికి 1.59 రెట్లు, 2.14 రెట్లు, ఇలా శ్రుతికి చిక్కని నిష్పత్తుల్లో ఉంటాయి. అందుకే చాలా డోళ్లు దరువుకు పనికొస్తాయి గాని శ్రుతికి నిలవవు. మృదంగం చేసేవాళ్లు ఈ చిక్కును శాస్త్రం పుట్టకముందే విప్పారు. కుడి మూత నడుమ అన్నం ముద్దలో ఇనుప రాతి పొడి కలిపిన నల్లటి లేపనాన్ని పొరలు పొరలుగా పూస్తారు. ఒక్కో పొరనూ నున్నటి రాయితో రుద్దుతారు, కొట్టి వింటారు, మళ్లీ పూస్తారు. మధ్యలో బరువు పెరిగేకొద్దీ తోలు కంపించే తీరులన్నీ కదిలి, 1, 2, 3, 4, 5 అనే వరసలోకి వచ్చి కూర్చుంటాయి. తోలు మీద సన్నటి ఇసుక చల్లి రామన్ ఆ కంపనాల ఆకారాలు చూశారు. తొమ్మిది విధాల కంపనాలు అయిదు స్వరాల్లో సర్దుకున్నాయని తేల్చారు.

గది కూడా అలాంటి మృదంగమే, తోలు బదులు గాలి ఉందంతే. దాని కంపనాల్ని చెరిపేయలేం, ఎక్కడ తాకితే ఏది లేస్తుందో ఏది పడుకుంటుందో తెలుసుకోగలం. మృదంగం చేసేవాడి చేతిలో లేపనం ఉంది. సబ్‌వూఫర్లు అమర్చేవాడి చేతిలో ఉన్నది అవి కూర్చునే చోటు.

ఎదురుగోడల లెక్క

ఆ చోట్ల లెక్క పద్ధతిగా తేల్చిన ఇంజనీరు టాడ్ వెల్టీ. అప్పట్లో కాలిఫోర్నియాలో హర్మన్ సంస్థ పరిశోధకుడు. ఎన్ని సబ్‌వూఫర్లు ఉంటే చాలు అన్న ప్రశ్ననే శీర్షికగా పెట్టుకుని ఆయన 2002లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ సభకు పత్రం సమర్పించారు. అలన్ డెవాంటియర్‌తో కలిసి 2006లో దాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లారు. ఆ పనిలో నాకు అన్నిటికంటే నచ్చేది ఆయన పెట్టుకున్న లక్ష్యం. ఒక కుర్చీలో బేస్ ఎంత బాగుందని ఆయన కొలవలేదు. కుర్చీకీ కుర్చీకీ తేడా ఎంతుందని కొలిచారు. ఆ తేడా తగ్గించడమే గెలుపు అనుకున్నారు.

జవాబు కూడా అంతే అందంగా వచ్చింది. దీర్ఘచతురస్రపు గదిలో నాలుగు గోడల నడిమధ్యన ఒక్కొక్కటి చొప్పున నాలుగు సబ్‌వూఫర్లు ఉంటే తేడా బాగా అణుగుతుంది. నాలుగు మూలల్లో నాలుగు పెట్టినా ఇంచుమించు అంతే పని జరుగుతుంది, పైగా అడుగు స్వరాలకు బలం ఎక్కువ. రెండే ఉంటే ఎదురెదురు గోడల మధ్యన పెట్టినా ఎంతో మేలు. నాలుగు దాటి ఎన్ని చేర్చినా ఖర్చే గాని ఫలితం పెద్దగా లేదు.

ఎందుకిలా అన్నది మన పదహారు, పన్నెండు అడుగుల హాల్లోనే కాగితం మీద వేసి చూడొచ్చు. పొడవు లెక్కన నిలిచే 36 హెర్ట్జ్ తరంగంలో ఒక చివర గాలి ఒత్తుకుంటుంటే రెండో చివర పలచబడుతుంటుంది. ముందు గోడ దగ్గరి సబ్‌వూఫర్ దాన్ని ఒకవైపు తోస్తే వెనక గోడ దగ్గరిది సరిగ్గా ఎదురు తోస్తుంది. ఉయ్యాలను ఇద్దరు చెరో పక్కనుంచి ఒకేసారి నెడితే అది కదలనట్టు, ఆ మోత లేవనే లేవదు. పక్క గోడల మధ్యనున్న రెండూ ఆ తరంగానికి శూన్యమైన చోట ఉన్నాయి కాబట్టి దానితో వాటికి పనే లేదు. వెడల్పు లెక్కన 48 దగ్గర లేచేదానికి ఇదే కథ, పాత్రలు మారతాయి. ఈసారి పక్క గోడలవి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, ముందువీ వెనకవీ తటస్థంగా ఉంటాయి.

అసలు చమత్కారం 71 దగ్గర, పొడవులో రెండో వరసలో కనబడుతుంది. అక్కడ రెండు చివరలూ ఒకే పక్షం, గది నడుమ ఎదుటి పక్షం. రెండు సబ్‌వూఫర్లే ఉంటే ముందుదీ వెనకదీ ఏకమై ఈ మోతను లేపుతాయి. నాలుగున్నప్పుడు పక్క గోడల జంట ఎదుటి పక్షాన నిలిచి, రెండుకి రెండు చెల్లు చేస్తుంది. పొడవూ వెడల్పూ కలిసి 59 దగ్గర లేచేదాన్ని నాలుగింటిలో ఏదీ కదపదు, నాలుగూ దాని శూన్య రేఖల మీదే కూర్చున్నాయి. ఇలా ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ పోతే, నాలుగూ కలిసి లేపే మొదటి అడ్డనిలువు మోత 119 హెర్ట్జ్ దగ్గర గాని రాదు. అప్పటికి సబ్‌వూఫర్ల పని అయిపోయి పెద్ద స్పీకర్లు అందుకుని ఉంటాయి. కొలత టేపు, పెన్సిలు తప్ప ఇంకేమీ అక్కర్లేని ఈ సౌష్టవం చూస్తే ముచ్చటేస్తుంది.

ఎత్తు లెక్కన 57 దగ్గరిది మిగిలిపోతుంది. నాలుగూ నేల మీదే ఉన్నాయి కాబట్టి నాలుగూ దాన్ని లేపుతాయి. కాని కూర్చున్న వాళ్లందరి చెవులూ నేలకు దాదాపు ఒకే ఎత్తులో ఉంటాయి. కాబట్టి అది ఎక్కువైతే అందరికీ ఒకేలా ఎక్కువవుతుంది. అందరికీ సమానమైన తప్పును ఈక్వలైజర్‌తో ఒక్క దెబ్బకు దిద్దొచ్చు. కుర్చీకో రకమైన తప్పును దిద్దలేం. తాతయ్య కోసం 36ను తగ్గిస్తే మనవడికి ఉన్నది కూడా పోతుంది. ముందు తప్పుల్ని అందరికీ సమానం చెయ్యి, ఆ తర్వాత దిద్దు. వెల్టీ పద్ధతి సారమంతా ఇదే.

ఇదే బాటలో ఎర్ల్ గెడెస్ అనే మరో నిపుణుడు ఇంకో దారి చూపారు. సబ్‌వూఫర్లు అచ్చం ఒకేలా ఉండక్కర్లేదు, సౌష్టవంగానూ ఉండక్కర్లేదు, మూడో నాలుగో గదిలో చెదురుగా పెట్టి, వీలైతే ఒకదాన్ని ఎత్తున ఉంచమంటారు. అలా ఎత్తు మోతకూ మందు దొరుకుతుంది. మన హాళ్లు చాలా వాటికి ఒక పక్క గోడే ఉండదు, భోజనాల గదిలోకి తెరుచుకుని ఉంటాయి. అలాంటి ఇంటికి గెడెస్ దారి బాగా అతుకుతుంది.

కలిపే పని

చోట్లు కుదిరితే సగం పని అయినట్టు. మిగతా సగం స్టీరియో జంటతో వీటిని అతుకు కనబడకుండా కలపడం. 80 హెర్ట్జ్ దగ్గర గీత గీసి, పైవి పెద్ద స్పీకర్లకు, కిందివి సబ్‌వూఫర్లకు పంచడం వాడుక. అక్కడ తరంగం పొడవు పద్నాలుగు అడుగుల పైనే ఉంటుంది కాబట్టి శబ్దం ఏ దిక్కునుంచి వస్తోందో చెవి పోల్చుకోలేదు. గాయకుడు ఎడమనున్నాడో కుడినున్నాడో చెప్పేది పైనున్న జంటే. అందుకే కుడి ఎడమల మంద్రాన్ని కలిపి నాలుగింటికీ ఒకే పాట పంపినా స్టీరియో చెదరదు. ఎల్‌పీ రికార్డులు కోసేవాళ్లు కూడా సూది ఎగిరిపోకుండా మంద్రాన్ని మధ్యకే చేర్చేవారు.

గీత గీసే తీరులోనూ ఒక సొగసుంది. సీగ్‌ఫ్రీడ్ లింక్‌విట్జ్ 1976లో ప్రచురించిన ఫిల్టరులో, గీత మీద ఇరుపక్షాలూ ఆరేసి డెసిబెల్స్ తగ్గి ఉంటాయి, ఒకే ఫేజులో ఉంటాయి. రెండూ కలిస్తే తగ్గింపు మాయమై, స్థాయి చదునుగా వస్తుంది. ఆయనా, ఆయన సహోద్యోగి రస్ రైలీ అప్పట్లో హ్యూలెట్ ప్యాకర్డ్ ఇంజనీర్లు. వారి పేర్ల మీదే ఇప్పటికీ ఆ ఫిల్టరు చలామణీలో ఉంది.

పనికి వరస ముఖ్యం. ముందు చోటు. తర్వాత నాలుగింటి స్థాయి సమానం చేయడం. ఆ తర్వాత కాలం. ధ్వని ఒక అడుగు నడవడానికి మిల్లీసెకనులో పదింట తొమ్మిది వంతుల దాకా పడుతుంది. పెద్ద స్పీకర్లూ సబ్‌వూఫర్లూ వేర్వేరు దూరాల్లో ఉంటే ఆ తేడాను డిలేతో సరిచేయాలి. సబ్‌వూఫర్ లోపలి డిజిటల్ సర్క్యూట్ కూడా కొంత ఆలస్యం చేస్తుంది. అందుకే టేపుతో కొలిచిన దూరమే పెట్టేసి ఊరుకోకుండా మైకుతో కొలిచి సరిపెడతారు. అన్నిటికంటే చివర ఈక్వలైజర్. అది కూడా లేచిన చోట తగ్గించడానికే. శూన్యాన్ని పూడ్చబోతే ఎంత పోసినా నిండదు. పది డెసిబెల్స్ పెంచాలంటే పదింతల పవర్ కావాలి, వంద వాట్ల చోట వెయ్యి. అది కూడా ఎదురు తరంగంతో కొట్టుకుపోయి, కాయిల్ వేడెక్కడమే మిగులుతుంది.

కొలతకు యూఎస్‌బీ మైకు, ఉచితంగా దొరికే ‘రూమ్ ఈక్యూ విజార్డ్’ సాఫ్ట్‌వేర్ చాలు. ఒక్కో సబ్‌వూఫర్‌నూ విడిగా మోగించి, ఒక్కో కుర్చీ దగ్గరా కొలత గీత (గ్రాఫు) తీసుకోవాలి. నాలుగు బాక్సులు, నాలుగు కుర్చీలంటే పదహారు గీతలు. గది వంకరైనా, గోడ తెరుచుకుని ఉన్నా ‘మల్టీ సబ్ ఆప్టిమైజర్’ అనే మరో ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ గీతల్ని తీసుకుని, ఏ బాక్సుకు ఎంత స్థాయి, ఎంత ఆలస్యం ఇవ్వాలో వెతికి పెడుతుంది.

పరికరాలేవీ లేనివాళ్లకూ ఒక ఉపాయముంది. సబ్‌వూఫర్‌ను ఎత్తి కూర్చునే చోట పెట్టి, మీరు గోడల వెంట వంగి నడుస్తూ వినండి. బేస్ ఎక్కడ సమంగా వినబడుతుందో అక్కడికి దాన్ని మార్చండి. మోగే చోటూ వినే చోటూ తారుమారైనా ఫలితం మారదన్న సూత్రం మీద ఇది నడుస్తుంది. హెల్మ్‌హోల్ట్జ్, రేలీ పందొమ్మిదో శతాబ్దంలో స్థిరపరిచిన సూత్రం అది. హెల్మ్‌హోల్ట్జ్ నాదశాస్త్ర గ్రంథం తన మీద గాఢమైన ప్రభావం చూపిందని రామన్ కూడా చెప్పుకున్నారు.

కరెంటు సంగతి మరవకూడదు. నాలుగు బాక్సుల్ని నాలుగు గోడల ప్లగ్గుల్లో పెడితే ఎర్తింగ్ తేడాలతో సన్నటి ‘హమ్’ మొదలవుతుంది. అన్నిటికీ ఒకే సర్క్యూట్ నుంచి కరెంటు, ఒకే మంచి ఎర్తు ఇస్తే చాలావరకు అణుగుతుంది. ఇల్లు కట్టేటప్పుడే గోడల మధ్యకు ఖాళీ పైపులు వేయించుకుంటే తర్వాత నేల మీద వైర్లు పాకించాల్సిన పని ఉండదు.

చెవికి పరీక్ష

మంద్రంలో సమత్వం ఇంతగా ఎందుకు పట్టించుకోవాలి? ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు 1933లోనే దీనికి ఆధారం చూపారు. అడుగు స్వరాల్లో కొద్ది డెసిబెల్స్ తేడా కూడా చెవికి పెద్ద తేడాగా తోస్తుంది. స్పీకర్ల నాణ్యతను శ్రోతలు ఎలా అంచనా కడతారని 2004లో పరిశీలించిన సీన్ ఆలివ్ కూడా, ఆ అంచనాలో దాదాపు మూడో వంతు బేస్‌దేనని తేల్చారు.

అమరిక కుదిరిందో లేదో తేల్చడానికి మన పాటలకంటే మంచి పరీక్షలు అక్కర్లేదు. మొదట ఘంటసాల పాత పాట ఏదైనా పెట్టండి. ఆ రికార్డింగుల్లో సబ్‌వూఫర్లు చేయాల్సిన పని దాదాపు లేదు. గొంతు గొంతులాగే ఉండాలి. ఛాతీ బరువెక్కి, పీపాలోంచి పాడినట్టు వినబడితే పెద్ద స్పీకర్లకూ సబ్‌వూఫర్లకూ మధ్య గీసిన గీత మరీ పైన ఉందనో, స్థాయి ఎక్కువైందనో అర్థం. తర్వాత మృదంగం తని ఆవర్తనం పెట్టి ఎడమ చేతి మీద చెవి పెట్టండి. తొప్పి (ఎడమ మూత) మీద అరచేయి జారినప్పుడు వచ్చే ‘గుమికి’ ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి నూనె ధారలా సాగాలి, మధ్యలో ఎక్కడా ఉబ్బకూడదు, తెగకూడదు. మూడోది ఇళయరాజా. 1989 నాటి ‘గీతాంజలి’ పాటల్లో బేస్ గిటార్ ఊరికే తాళం పట్టదు, తనూ ఒక పాట పాడుతుంది. ఆ నడకలో ప్రతి స్వరానికీ ఒకే బరువుండాలి. ఒక స్వరం అరిచి పక్కది నసిగితే గది ఇంకా దారికి రాలేదన్నమాట.

ఈ మూడూ ఒక కుర్చీలో విని సంతృప్తి పడకండి. లేచి సోఫా చివరకు, కిటికీ పక్కకు, వంటింటి గుమ్మం దాకా వెళ్లి వినండి. ఖరీదైన స్టీరియోలు చాలావరకు యజమాని ఒక్కడి కుర్చీ కోసం అమరుస్తారు. మన ఇళ్లలో పాట ఒక్కరు వినేది కాదు. మామ్మ దివాను మీద, పిల్లలు నేల మీద, పనిలో ఉన్నవాళ్లు గుమ్మంలో నిలబడి వింటారు. కుర్చీకీ కుర్చీకీ తేడా తగ్గించడమే గెలుపు అన్న వెల్టీ కొలమానం ఇలాంటి ఇంటికి కొలిచి కుట్టినట్టుంటుంది.

నాలుగూ ఒకేసారి కొనక్కర్లేదు. రెండు చిన్న సబ్‌వూఫర్లు తెచ్చి ముందు గోడ మధ్యన ఒకటి, వెనక గోడ మధ్యన ఒకటి పెట్టండి. ఒక పెద్దదానికి పెట్టే డబ్బుతోనే రెండు చిన్నవి వస్తాయి, ఒక్కోదాని మీద భారం తగ్గి శుభ్రంగా మోగుతాయి. బాక్సు కట్టించుకోవాలంటే మన ఊళ్లలో మంచి వడ్రంగులున్నారు. పద్దెనిమిది మిల్లీమీటర్ల ప్లైవుడ్, లోపల అడ్డబద్దలు, గాలి పోని అతుకులు, వేలితో తడితే బోలుగా మోగని పక్కలు ఉంటే చాలు. తక్కిన రెండూ ఎప్పుడు కుదిరితే అప్పుడు చేర్చుకోవచ్చు, వాటి చోట్లు ఎలాగూ లెక్కలో సిద్ధంగా ఉన్నాయి. అన్నీ అమరాక, అతిథిని మీ కుర్చీలో కూర్చోబెట్టి మీరు మూలన కూర్చుని వినండి. పాటలో మీకేమీ తగ్గకపోతే పని పూర్తయినట్టే.